పళ్ళు నోట్లో పట్టని చేప: లోతు సముద్రంలో వైపర్ ఫిష్ ఎలా వేటాడుతుంది?

చిత్తూరు నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్నకు ఇది జవాబు. తొమ్మిదో తరగతి చదివే వాళ్ళ పాప స్కూలు సైన్స్ ఫెయిర్ కోసం వైపర్ ఫిష్ మీద చార్టూ మోడలూ చేస్తోందట. పాప సందేహాలు నాలుగు. అంత చీకట్లో దానికి ఎలా కనిపిస్తుంది? పళ్ళు నోట్లోనే పట్టకపోతే ఎలా మింగుతుంది? అంత నీటి బరువు కింద నలిగిపోదా? మన బంగాళాఖాతంలో కూడా ఇలాంటివి ఉంటాయా? వీటికి తోడు నాన్నగారు తన వంతుగా ఇంకోటి అడిగారు: "యూట్యూబ్‌లో అందరూ సముద్ర రాక్షసి అంటున్నారు, నిజంగా అంత ప్రమాదమా సార్?"

నేను తిరుపతిలో డిగ్రీ పిల్లలకు చాలా ఏళ్ళు జువాలజీ చెప్పి రిటైర్ అయినవాణ్ణి. సిలబస్‌లో ఈ చేపలకు దక్కేది అర పేజీ. అందుకే ఎవరైనా అడిగితే నేను కాస్త ఎక్కువే చెబుతాను, ఓపిక పట్టండి.

ముందు మీ రాక్షసి సంగతి. పాప దగ్గరున్న ముప్పై సెంటీమీటర్ల స్కేలు తీసి బల్ల మీద పెట్టండి. వైపర్ ఫిష్ పొడవు ఇంచుమించు అంతే. బాగా పెరిగితే 35 సెంటీమీటర్లు. ఒళ్ళు సన్నగా, బలహీనంగా ఉంటుంది. వీడియోల్లో తలను మాత్రమే తెర నిండా చూపిస్తారు, పక్కన కొలతకు ఏ వస్తువూ ఉండదు, పైగా భయపెట్టే మ్యూజిక్. ఇంకేం, చూసేవాళ్ళు మొసలంత ఊహించుకుంటారు. 2025 మొదట్లో టెనెరిఫె దీవి దగ్గర ఒక నల్లటి యాంగ్లర్ చేప పట్టపగలు నీటి పైకి వచ్చి ఈదిన వీడియో మన వాట్సాప్ గ్రూపుల్లో కూడా తెగ తిరిగింది కదా, అదీ అరచేతిలో ఇమిడేంత చేపే. మనిషికి వీటివల్ల ఏ ప్రమాదమూ లేదు. అవి ఉండే చోటికి మనం పోలేం, మనం ఉండే చోటికి వస్తే అవి బతకవు.

చార్టు మీద పేరు కౌలియోడస్ స్లోని అని రాయమనండి. 1801లో బ్లాఖ్, ష్నైడర్ అనే ఇద్దరు జర్మన్ శాస్త్రవేత్తల గ్రంథంలో ఈ పేరు చేరింది. స్లోని అన్నది హాన్స్ స్లోన్ పేరు మీదుగా వచ్చింది. ఆయన జీవితమంతా పోగుచేసిన వస్తువులతోనే లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం మొదలైంది. ఇది డ్రాగన్ ఫిష్‌ల కుటుంబానికి చెందుతుంది. ఇక్కడ ఒక హెచ్చరిక: అక్వేరియం షాపుల్లో 'డ్రాగన్ ఫిష్' అని వేలకు వేలు చెప్పి అమ్మేది అరోవానా. అది మంచినీటి చేప, దీనికీ దానికీ ఏ చుట్టరికమూ లేదు. గూగుల్లో డ్రాగన్ ఫిష్ అని కొడితే రెండూ కలిసి వస్తాయి. పాప ఆ ఫోటో ప్రింట్ తీసి అంటించకుండా చూసుకోండి.

ఇక అసలు విషయానికి వస్తాను. చీకటి అని మనం ఒక్క మాటలో అనేస్తాం. సముద్రంలో అది ఒక్కసారిగా రాదు, మెట్లు మెట్లుగా వస్తుంది. ఎంతో స్వచ్ఛమైన నడి సముద్రంలో కూడా 200 మీటర్ల లోతుకు చేరే వెలుగు పైన ఉన్నదాంట్లో ఒక శాతం దాకానే. అక్కడి నుంచి 1000 మీటర్ల వరకు మసక వెలుగు. ఆ కింద సూర్యుడితో పని లేదు. తిరుమల సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంది. తిరుమల ఎంత ఎత్తో అంత లోతుకు దిగారనుకోండి, మిట్ట మధ్యాహ్నం తలెత్తి చూసినా మీ కంటికి పైన ఏదో పలుచగా ఉందా లేదా అన్న అనుమానం తప్ప ఏమీ కనపడదు. వైపర్ ఫిష్ పగలు ఎక్కువగా గడిపేది ఈ లోతుల్లోనే.

వెలుగు తగ్గడంతో పాటు దాని రంగు కూడా మారుతుంది. నీరు ముందుగా మింగేసేది ఎరుపును. కొన్ని పదుల మీటర్లు దిగేసరికి ఎరుపు దాదాపు మాయం. తర్వాత నారింజ, పసుపు పోతాయి. చివరిదాకా దిగేది నీలం ఒక్కటే. 1934లో విలియం బీబ్, ఓటిస్ బార్టన్ అనే ఇద్దరు బెర్ముడా దగ్గర ఒక ఉక్కు గోళంలో కూర్చుని 923 మీటర్ల దాకా దిగారు. లోతు చేపల్ని వాటి ఇంట్లోనే కంటితో చూసిన తొలి మనుషులు వాళ్ళే. రంగులు ఒక్కొక్కటే పోయి ఆఖరికి నలుపు కలిసిన నీలం ఎలా మిగిలిందో బీబ్ చాలా వివరంగా రాసుకున్నాడు.

ఇంకో సంగతి. అక్కడ సూర్యుడి వెలుగు లేకపోయినా వెలుగు అసలే లేదని కాదు. కాలిఫోర్నియాలో మాంటెరీ బే దగ్గర పదిహేడేళ్ళ పాటు తీసిన నీటి లోపలి వీడియోలను లెక్కగట్టి 2017లో ప్రచురించారు. నీటిలో తేలుతూ ఈదుతూ కనిపించిన జీవుల్లో 76 శాతం సొంతంగా వెలుగు పుట్టించగలవే. జెల్లీలు, రొయ్యలు, పురుగులు, చేపలు, అన్నీ కలిపి. ఎవరు తగిలినా ఏదో ఒకటి మిణుక్కుమంటుంది. అందువల్ల అక్కడి వేటగాడికి రెండు పనులు: ఆ కొద్దిపాటి వెలుగును పట్టుకోవడం, తన మీద ఆ వెలుగు పడి బయటపడకుండా దాక్కోవడం. పాపకు ఇది బాగా అర్థమైతే మిగతా అవయవాలన్నీ తనంతట తానే వివరించగలదు. పళ్ళ కన్నా ముందు దీన్నే నేర్పించండి.

కళ్ళ విషయం. మన కంట్లో మసక వెలుగుకు దండ కణాలు, రంగులకు కోన్ కణాలు ఉంటాయని టెన్త్ లోపే చదువుతారు. చాలా లోతు చేపల్లో కోన్ కణాలు ఉండవు. రంగులు తేల్చుకునే అవసరం లేదు కాబట్టి రెటీనా అంతా దండ కణాలే. వాటిలోని రంగు పదార్థం కూడా సరిగ్గా 480 నానోమీటర్ల దగ్గరి నీలానికి ట్యూన్ అయి ఉంటుంది. పై నుంచి దిగేది నీలమే, తోటి జీవులు పుట్టించే వెలుగు కూడా ఎక్కువగా నీలమే. ఈ పద్ధతికి విచిత్రమైన మినహాయింపు సిల్వర్ స్పైనీఫిన్ అనే చేప. మసక వెలుగులో చూడటానికి మనకు రొడాప్సిన్ అనే, కంట్లో వెలుగును పట్టే ప్రోటీన్‌కు ఒకే ఒక్క జన్యువు ఉంటే దానికి 38 ఉన్నాయని 2019లో తేలింది. నీలంలోనే రకరకాల ఛాయలను అది విడదీసి చూస్తుందని అనుకుంటున్నారు.

దాక్కోవడంలో మొదటి మార్గం నల్లగా ఉండటం. మామూలు నలుపు సరిపోదు. మామూలు నలుపు మీద ఎవరైనా చిన్న వెలుగు వేసినా ఎంతో కొంత తిరిగి వస్తుంది. వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో పనిచేసే కరెన్ ఆస్బర్న్‌కు కొన్ని లోతు చేపలను ఫోటో తీయడం తలనొప్పిగా మారింది. ఎన్ని లైట్లు వేసినా ఫోటోలో చేప ఆకారం తప్ప వివరం రాదు. ఎందుకని వెతికితే 2020లో జవాబు దొరికింది. 16 జాతుల చేపలు తమ మీద పడిన వెలుగులో అర శాతం కూడా తిప్పి పంపడం లేదు. ఒక యాంగ్లర్ చేపలో అది 0.04 శాతం దగ్గర తేలింది. చర్మంలోని మెలనిన్ రేణువులు సందు లేకుండా ఒకే పొరగా పేర్చి ఉంటాయి. ఒక రేణువు మింగలేకపోయిన వెలుగు పక్కకు చెదిరి పక్క రేణువులోకే పోయేలా వాటి సైజు, ఆకారం కుదిరాయి. ఫ్యాక్టరీల్లో అతి నల్లటి పూత కావాలంటే ఎంతో ఖర్చుపెట్టి చేస్తారు. ఇక్కడ పలుచని చర్మపు పొర ఆ పని చేసేస్తోంది.

పొట్ట లోపల కూడా నలుపే. ఇది నాకు చాలా నచ్చిన విషయం. మింగిన చేప ఒంటి మీది లైట్లు లోపలికి పోయాక కూడా కాసేపు వెలుగుతూ ఉండొచ్చు. వేటగాడి పొట్ట పలుచనిదైతే ఆ వెలుగు బయటికి కనపడి తనే ఇంకొకరికి ఆహారం అవుతుంది. అందుకే చాలా లోతు చేపల జీర్ణాశయం గోడకు నల్లటి పొర ఉంటుంది.

రెండో మార్గం దీనికి పూర్తిగా తలకిందులు. వైపర్ ఫిష్ పొట్ట కింది భాగంలో తల నుంచి తోక దాకా వరుసలు వరుసలుగా చిన్న చిన్న కాంతి అవయవాలు ఉంటాయి. దాక్కోవాల్సినవాడు లైట్లు ఎందుకు వేసుకుంటాడని పిల్లలు తప్పకుండా అడుగుతారు. కింద ఉన్న శత్రువు పైకి చూస్తే మసక నీలపు వెలుగు ముందు ఈ చేప నీడ నల్లగా కనపడుతుంది. ఎంత నల్లగా ఉంటే అంత స్పష్టంగా దొరికిపోతుంది. పై నుంచి దిగే వెలుగు ఎంతో సరిగ్గా అంత వెలుగును పొట్ట కింద పుట్టిస్తే ఆ నీడ చెరిగిపోతుంది. 1970ల్లో ఎరిక్ డెంటన్ బృందం కొలిచి చూసింది: వైపర్ ఫిష్, హ్యాచెట్ ఫిష్‌ల పొట్ట లైట్ల నుంచి ఏ కోణంలో ఎంత వెలుగు వస్తుందన్నది సముద్రంలో సహజంగా వెలుగు పరుచుకునే తీరుతో సరిపోయింది. దీనికి విరుగుడు కూడా ఉంది. కొన్ని చేపల కంటి కటకం పసుపుగా ఉంటుంది. ఆ పసుపులోంచి చూస్తే ఆకాశం నుంచి దిగిన నీలానికీ చేప పుట్టించిన నీలానికీ ఉన్న చిన్న తేడా బయటపడుతుంది. ఒకరు దాక్కునే కొద్దీ ఇంకొకరు వెతికే కొద్దీ ఈ పోటీ కోట్ల ఏళ్ళుగా నడుస్తోంది.

ఇప్పుడు పళ్ళు. వైపర్ ఫిష్ కోరలు తల పొడవులో సగానికి మించి ఉంటాయి. నోరు మూసినప్పుడు కింది దవడ కోరలు లోపల ఇమడక బయట నుంచే పైకి వంగి కళ్ళ దాకా వస్తాయి. వాటి పని నమలడం కాదు. చిక్కినదాన్ని జారిపోకుండా పట్టి ఉంచడమే. చుట్టుపక్కల ఆహారం చాలా తక్కువ. ఎదురైన ఒక్క చేపను వదిలేస్తే ఇంకోటి ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. అందుకే తన పొడవులో సగానికి మించిన చేపను కూడా ఇది వదలదు, మింగేస్తుంది.

మింగడం ఎలా అన్నది పాప అడిగిన మంచి ప్రశ్న. దానికి జవాబు పళ్ళలో దొరకదు, మెడలో ఉంది. మామూలు చేపలో పుర్రె వెనక వెన్నుపూస గట్టిగా అతుక్కుని ఉంటుంది కాబట్టి తల వెనక్కి వాలదు. మనలా మెడ తిప్పే చేపలు అరుదు. వైపర్ ఫిష్‌లో పుర్రె వెనక ఉండాల్సిన ఎముక సరిగా గట్టిపడదు, ఆ చోట మెత్తగా వంగే భాగం ఉంటుంది. దాంతో తల అమాంతం పైకి లేచి వెనక్కి వాలుతుంది, కింది దవడ ముందుకూ కిందికీ పడుతుంది. చెర్నావిన్ అనే శాస్త్రవేత్త 1953లో దీన్ని కోసి, కదిపి చూసి వివరంగా రాశాడు. నోరు తెరిచినప్పుడు మొప్పలు, గుండె కూడా వెనక్కీ కిందికీ జరుగుతాయి. లేకపోతే లోపలికి పోయే చేప వాటిని నలిపేస్తుంది. 2017లో నలానీ ష్నెల్, డేవిడ్ జాన్సన్ చేసిన పరిశీలనలో ఇదే కుటుంబంలోని మరికొన్ని డ్రాగన్ చేపలు నోరు 120 డిగ్రీల దాకా తెరవగలవని తేలింది. పాప ప్రొట్రాక్టర్ తీసి 120 డిగ్రీలు గీసి చూస్తే ఆ సంఖ్య ఏమిటో తెలుస్తుంది.

ఎరను దగ్గరికి రప్పించే ఏర్పాటు వీపు మీద ఉంది. వీపు రెక్కలోని ఒక కాడ బాగా పొడవు సాగి ముందుకు వంగి, కొసన కాంతి అవయవంతో నోటి ముందుకు రాగలదు. చాలామంది దీన్ని యాంగ్లర్ చేప గాలంతో కలిపేస్తారు. యాంగ్లర్ ఆడ చేప గాలంలో వెలిగేది అందులో కాపురం పెట్టిన బాక్టీరియా. వైపర్ ఫిష్ వెలుగు దాని సొంత కణాల పని. చేప కదలకుండా నీళ్ళలో వేలాడుతూ కాచుకుంటుంది. పరుగెత్తి వేటాడే శక్తి ఆ ఒంట్లో లేదు. కండరాల్లో నీరెక్కువ, ఎముకలు పలుచన.

కుటుంబంలో ఇంకో చేప పళ్ళు చెప్పుకోదగ్గవి. అరిస్టోస్టోమియాస్ అనే డ్రాగన్ ఫిష్ పళ్ళు నీటిలో కనిపించవు. 2019లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు మైక్రోస్కోపు కింద చూస్తే పంటి పై పొరలో స్ఫటికాలు 5 నుంచి 20 నానోమీటర్లే ఉన్నాయి, వెలుగు వాటికి తగిలి చెదరడానికి వీల్లేనంత చిన్నవి. మన పళ్ళ డెంటిన్‌లో ఉండే సన్నటి గొట్టాలు కూడా అందులో లేవు. నల్లటి ఒంటికి తెల్లగా మెరిసే పళ్ళు ఉంటే ఆ నలుపంతా దండగ కదా.

ఇప్పుడు ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చేప. పాప ప్రాజెక్టులో ఒక చిన్న గడి దీనికి ఇప్పించండి. పేరు మలకోస్టియస్ నైగర్. ఎరుపు లోతుకు దిగదని పైన చెప్పాను. అందుకే లోతు రొయ్యలు చాలావరకు ఎర్రగా ఉంటాయి, అక్కడ ఎరుపంటే నలుపే. ఎవరి కంటికీ ఎరుపు కనపడదు కాబట్టి ఎవరూ ఎరుపు వెలుగు వెయ్యరు. మలకోస్టియస్ మాత్రం కంటి కింద ఎర్రటి లైటు పెట్టుకుంది. 700 నానోమీటర్లు దాటిన ముదురు ఎరుపు, మన కంటికే అంతంతమాత్రంగా ఆనేది. ఆ వెలుగు వేసి ఎదుటివాణ్ణి చూస్తుంది, ఎదుటివాడికి మాత్రం తన మీద లైటు పడిందని తెలియదు.

మరి దాని కంటికి ఆ ఎరుపు ఎలా కనపడుతుంది? దాని కంటిలోని రంగు పదార్థాలు కూడా అంత ఎరుపును పట్టలేవు. రాన్ డగ్లస్, జూలియన్ పార్ట్రిడ్జ్ తదితరులు 1998లో కనుక్కున్నది వింటే మొదటిసారి ఎవరూ నమ్మరు. దాని రెటీనాలో పత్రహరితం నుంచి వచ్చిన ఒక పదార్థం ఉంది. అదే ఎరుపును పట్టి ఆ శక్తిని చూపు పనికి అందిస్తుంది. జంతువు పత్రహరితాన్ని తయారు చేసుకోలేదు, తిండిలోంచి రావాల్సిందే. ఈ చేప పొట్ట కోసి చూస్తే, ఇంత భయంకరమైన దవడలు పెట్టుకుని అది ఎక్కువగా తినేది కొన్ని మిల్లీమీటర్ల కోపీపాడ్లను, అంటే రొయ్యల వర్గానికి చెందిన చిట్టి జీవులను. ఆ కోపీపాడ్లు పైన పచ్చటి సూక్ష్మజీవుల్ని తిని వచ్చే వర్గం. చూపు కోసమే ఈ తిండి తింటోందా, లేక చిన్న చిన్న జీవుల్ని వెతకడానికే ఆ ఎర్ర లైటు వచ్చిందా అని వాదన ఇంకా నడుస్తోంది. దాని నోటికి అడుగు కూడా లేదు. కింది దవడ రెండు ఎముకల మధ్య చర్మం ఉండదు, ఖాళీ. దవడను వేగంగా విసరడానికి నీటి అడ్డు తగ్గుతుందని ఒక వివరణ ఉంది.

నలిగిపోదా అన్న ప్రశ్న. ప్రతి పది మీటర్లకూ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. వెయ్యి మీటర్ల దగ్గర పైకన్నా వంద రెట్లు ఎక్కువ ఒత్తిడి. నలిగేది గాలి ఉన్న చోటు. వైపర్ ఫిష్ ఒంట్లో గాలి తిత్తి లేదు, ఉన్నదంతా నీరూ కండా. లోపలా బయటా ఒకే ఒత్తిడి కాబట్టి డబ్బా నలిగినట్టు నలగదు. అసలు చిక్కు కణాల లోపల ఉంది. ఒత్తిడికి ప్రోటీన్ల ఆకారం చెడుతుంది. దానికి మందుగా ట్రైమిథైలమైన్ ఆక్సైడ్ అనే పదార్థాన్ని చేపలు కండల్లో దాచుకుంటాయి. లోతు పెరిగేకొద్దీ ఆ మోతాదు పెరుగుతుంది. ఎంతైనా పెంచుకుంటూ పోలేవు, అందుకే చేపలకు లోతు హద్దు ఎనిమిది వేల మీటర్ల పైచిలుకు అంటున్నారు. ఇప్పటిదాకా కెమెరాకు చిక్కిన అత్యంత లోతు చేప జపాన్ దగ్గర 8,336 మీటర్ల దగ్గర కనపడింది, అది స్నెయిల్ ఫిష్.

ఈ పదార్థం మీ ఇంట్లో అందరికీ తెలిసినదే. వైపర్ ఫిష్‌లోనే కాదు, వంజరం లాంటి మామూలు సముద్రపు చేపల్లోనూ కొంత ఉంటుంది. చేప చచ్చాక బాక్టీరియా దాన్ని ట్రైమిథైలమైన్‌గా మారుస్తాయి. సముద్రపు చేప నిలవైతే కొట్టే నీచు వాసన అదే. చిత్తూరు వైపు చెరువుల్లో పట్టే బొచ్చె, రోహుల్లో ఇది చాలా తక్కువ. వాటికి వచ్చేది బురద వాసన, దాని కారణం వేరు. పులుసులో చింతపండు, మామిడికాయ పడగానే నీచు ఎందుకు తగ్గుతుందంటే, పులుపు ఆ అమైన్‌ను పట్టి ఆవిరి కాకుండా ఆపుతుంది. జడ్జీల ముందు పాప ఈ ఒక్క ముక్క చెబితే చాలు, వంట తెలిసిన టీచర్లు తల ఊపుతారు.

మన బంగాళాఖాతం సంగతి. పటం చూస్తే తిరుపతికి దగ్గరగా ఉన్న ఉప్పునీరు పులికాట్. అక్కడ లోతు మీటరుకు అటూ ఇటూ, ఫ్లెమింగోలు నిలబడి మేసేంత. అది చూసి సముద్రం గురించి అంచనా వెయ్యకూడదు. తూర్పు తీరంలో గట్టును ఆనుకుని ఉన్న తక్కువ లోతు మెట్ట సన్నది. దాన్ని దాటితే అడుగు ఒక్కసారిగా పడిపోతుంది. బంగాళాఖాతం సగటు లోతు 2,600 మీటర్లు. అంటే ఎక్కువ భాగం వైపర్ ఫిష్‌కు పనికొచ్చే లోతే. కౌలియోడస్ స్లోని ప్రపంచంలోని వెచ్చని, సమశీతల సముద్రాలన్నిటిలో ఉంటుంది, హిందూ మహాసముద్రమూ అందులోదే. దాని దగ్గరి చుట్టం కౌలియోడస్ పామెలాస్‌ను 1892లో వర్ణించింది ఆల్‌ఫ్రెడ్ ఆల్కాక్. ఆయన డాక్టరుగా ఇన్వెస్టిగేటర్ అనే సర్వే ఓడ ఎక్కి, బంగాళాఖాతంలోనూ అరేబియా సముద్రంలోనూ వలలు దించి తీసిన లోతు జీవులను వర్ణించాడు. తర్వాత కలకత్తాలోని ఇండియన్ మ్యూజియంకు అధిపతి అయ్యాడు. మన దేశంలో లోతు చేపల చదువు అక్కడ మొదలైందనే చెప్పాలి.

మన జాలర్ల వలకు ఇది ఎందుకు పడదంటే వాళ్ళు అంత లోతుకు వల వెయ్యరు, వెయ్యాల్సిన అవసరమూ లేదు. ఇది రాత్రిపూట కొంత పైకి వస్తుంది. దాని ప్రధాన ఆహారమైన లాంతరు చేపలు సూర్యాస్తమయానికి లోతు నుంచి లేచి పై వంద మీటర్ల దాకా వచ్చి, మేసి, తెల్లవారకముందే దిగిపోతాయి. రోజూ జరిగే ఈ రాకపోకలు బరువు లెక్కన భూమ్మీద అన్నిటికన్నా పెద్ద వలస. రెండో ప్రపంచ యుద్ధంలో సోనార్ (నీటిలోకి శబ్దం పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనితో అడుగును కనిపెట్టే పరికరం) వాడేవాళ్ళకు నడి సముద్రంలో దొంగ అడుగు ఒకటి కనపడి, రాత్రికి పైకి లేస్తుంటే అయోమయంలో పడ్డారు. చివరికి అవి చేపలూ రొయ్యలూ కలిసిన గుంపులని తేలింది.

చెన్నై పల్లికరణైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ముగ్గురిని 6,000 మీటర్లకు దించే మత్స్య 6000 అనే వాహనాన్ని తయారు చేస్తోంది. మనుషులు కూర్చునే టైటానియం గోళం లోపలి అడ్డం 2.1 మీటర్లు. చార్టులో చివర ఒక బొమ్మకు ఇది బాగుంటుంది.

ఇక మోడల్ గురించి నా సలహా. థర్మకోల్ చేపకు రంగు వేసి నిలబెట్టడం అందరూ చేస్తారు. దానికి బదులు అట్టపెట్టెకు ఒక కన్నం పెట్టి, లోపల నీలం రంగు ఎల్‌ఈడీ జీరో బల్బు బిగించండి. లోపల ఎండుమిరపకాయ, టమాటా, పక్కన తెల్ల కాగితం, నీలం పెన్ను మూత పెట్టండి. కన్నంలోంచి చూస్తే ఎర్రటివన్నీ నల్లగా కనపడతాయి. లోతు రొయ్య ఎందుకు ఎర్రగా ఉందో చెప్పాల్సిన పనే ఉండదు. బల్బు ఎల్‌ఈడీదే కొనండి. నీలం పూత పూసిన పాత ఫిలమెంట్ బల్బులో కొంచెం ఎరుపు తప్పించుకుని వస్తుంది, ప్రయోగం పాడవుతుంది. తర్వాత చిన్న ఎర్ర టార్చి వేసి చూపిస్తే మిరపకాయ ఒక్కసారిగా మెరుస్తుంది, అదే మలకోస్టియస్ చేసే పని.

పొట్ట లైట్ల కోసం ఇంకోటి. కిటికీకి ట్రేసింగ్ పేపర్ అంటించి దాని ముందు నల్ల అట్ట చేప బొమ్మను వేలాడదీస్తే నీడ స్పష్టంగా ఉంటుంది. అదే ఆకారంలో ఇంకో చేప చేసి, చూసేవాళ్ళ వైపు మసకగా వెలిగే చిన్న ఎల్‌ఈడీలు పెట్టి మీద అదే కాగితం కప్పండి. వెలుగును తగ్గిస్తూ పెంచుతూ పోతే ఒక దగ్గర బొమ్మ అంచులు చెరిగిపోతాయి. దీనికి ఓపిక కావాలి, ముందు రోజే కుదుర్చుకోండి.

చేప బొమ్మ అసలు సైజులోనే చెయ్యమనండి, పక్కన స్కేలు అంటించండి. వీలైతే ఫెయిర్‌కు ముందు ఒక ఆదివారం అలిపిరి దారిలోని రీజనల్ సైన్స్ సెంటర్‌కు తీసుకెళ్ళండి. అక్కడ వైపర్ ఫిష్ కోసం వెతకనక్కర్లేదు, ఒక విషయాన్ని చూసేవాళ్ళతోనే చేయించి ఎలా చెబుతారో పాప గమనిస్తే చాలు. జడ్జీలు అడిగిన దేనికైనా జవాబు తట్టకపోతే ఆ ప్రశ్న ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.